బెల్లు మోగని ఇల్లు

“నేను అబద్ధం రాయలేదు,” అంది చిలక అమ్మ.

గుమ్మంలో నిలబడ్డ చిలక నాన్న ఇంకా బూట్లు కూడా విప్పలేదు. లిఫ్టులు బాగుచేసే మనిషి, చేతులకి గ్రీజు అలాగే ఉంది. మధ్యాహ్నం సైకాలజిస్టు ఫోన్ చేసి రమ్మంటే ఎక్కడి పని అక్కడ వదిలేసి వెళ్ళాడు. ఆవిడ చెప్పింది విని అటునుంచటే ఇంటికొచ్చాడు. దారంతా కోపాన్ని జాగ్రత్తగా మోసుకొచ్చాడు గాని, తీరా ఇల్లు చేరాక దాన్ని ఎక్కడ దింపాలో తెలియడం లేదు.

కొన్నాళ్ళుగా ఆ ఇంట్లో నడుస్తున్న మాట ఒక్కటే. ఆరేళ్ళ చిలకకి ఆటిజం ఉందా, లేదా? అది తేల్చడానికి సైకాలజిస్టు ఒకే రకం ప్రశ్నలు రెండు చోట్లకి పంపింది. ఒకటి బడిలో టీచరుకి, ఇంకోటి ఇంట్లో తల్లికి. పిల్ల ఇలా చేస్తుందా, అలా చేస్తుందా అని అడుగుతారు. ‘లేదు’, ‘అప్పుడప్పుడు’, ‘తరచుగా’, ‘ఎప్పుడూ’ అన్న వాటిలో ఒకదానికి టిక్కు పెట్టాలి. టీచరు పెట్టిన టిక్కులు కూడితే, ఆటిజం ఉండొచ్చని చెప్పే గీత దాటి లెక్క ఎక్కడికో పోయింది. తల్లి పెట్టినవి కూడితే గీత దరిదాపులకి కూడా రాలేదు.

“ఈ రెండూ ఒకే పిల్ల గురించి రాసినట్టు లేవండీ అంది ఆవిడ. నాకు తల కొట్టేసినట్టయింది,” అన్నాడు.

“తల కొట్టేసినట్టయింది,” అంది భోజనాల బల్ల కింద నుంచి చిలక, అచ్చం వాళ్ళ నాన్న గొంతుతో, ఆ విసుగుతో సహా.

మామూలు రోజైతే అందరూ నవ్వేవారు. ఆ పిల్లకి చిలక అన్న ముద్దుపేరు వచ్చిందే అందుకు. విన్న మాట విన్నట్టు అప్పజెబుతుంది. తన మాట మాత్రం ఎంత అడిగినా చెప్పదు. ఇప్పుడు బల్ల కింద బట్టల క్లిప్పులు రంగుల వారీగా వరస పెట్టుకుంటోంది. పైన జరుగుతున్న గొడవ తన గురించేనని దానికి తెలుసో లేదో ఎవరికీ తెలియదు.

బడివాళ్ళు మొహమాటం లేకుండా చెప్పేశారు. ఆటిజం అని రిపోర్టు తెస్తే చిలక పక్కన కూర్చోవడానికి ఒక సహాయ టీచరుని ఇస్తారు. తేలేకపోతే సెలవుల తర్వాత పిల్లని ఇంకో బడికి మార్చుకోవాలి. ఇది చిలకకి మూడో బడి. నాలుగోది ఎక్కడుందో చిలక నాన్నకి తెలియదు.

“నలుగురూ ఏమనుకుంటారోనని మెత్తమెత్తగా రాశావు,” అన్నాడు.

“మీరు పక్కనే కూర్చున్నారు కదా. అప్పుడే చూడాల్సింది.”

ఆవిడ భర్తని మామూలుగా ‘నువ్వు’ అంటుంది. ‘మీరు’ అందంటే గొడవ ముదిరిందని లెక్క.

“నీ మీద నమ్మకంతో చూడలేదు,” అన్నాడు చిలక నాన్న.

నిజంగానే ఆవిడ అబద్ధం రాయలేదు. మందుల షాపులో పని చేసే మనిషి, ఒక మాత్రకి బదులు ఇంకో మాత్ర ఇస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి. ప్రతి ప్రశ్నా రెండుసార్లు చదివి, ఆలోచించి మరీ టిక్కు పెట్టింది. మరి టీచరుకి కనబడ్డ పిల్ల తనకెందుకు కనబడలేదు?

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది. చిలక అమ్మమ్మ కొంగుకి చేతులు తుడుచుకుంటూ ఇవతలికొచ్చింది. ఆవిడ రెండు వీధుల అవతల కొడుకుతో ఉంటుంది. కూతురు షాపు నుంచి వచ్చేదాకా మనవరాలిని చూసుకోవడానికి రోజూ ఇక్కడికి వస్తుంది. భార్యాభర్తల గొడవలో తలదూర్చకూడదని ఆవిడకి గట్టి నియమం. ఆ నియమాన్ని వారానికి ఒక్కసారైనా పక్కన పెడుతుంది.

“పిల్లకి ఏం తక్కువైందని బాబూ ఇదంతా? దీని మామయ్యా చిన్నప్పుడు ఇంతే. వాడికేం లోటు జరిగింది? ఉద్యోగం చేసుకోవడం లేదూ?”

“మామయ్య సంగతి వేరు అత్తయ్యా,” అన్నాడు అల్లుడు.

“ఏం వేరు?”

బావమరిది అంటే చిలక నాన్నకి ఇష్టమే. కళ్ళజోళ్ళ షాపు వెనక గదిలో అద్దాలు అరగదీసే పని ఆ కుర్రాడిది. ఎవరితో మాట్లాడక్కర్లేదు, ఎవరి మొహం చూడక్కర్లేదు, యజమాని బంగారంలా చూసుకుంటాడు. అంతకు మించి ఆ విషయంలో ఏ మాట అన్నా ముల్లులా గుచ్చుకుంటుందని అతనికి తెలుసు. గ్రీజు కడుక్కోవాలని చెప్పి బాత్రూములోకి వెళ్ళాడు, చాలాసేపు బయటికి రాలేదు.

తల్లీ కూతుళ్ళు మిగిలారు. రేపు ఉదయం మళ్ళీ రమ్మందట సైకాలజిస్టు. ఈసారి ప్రశ్నలు తనే చదివి జవాబులు నోటితో చెప్పించుకుంటుందట. పగలంతా పిల్లతో ఉండే అమ్మమ్మని కూడా తీసుకురమ్మందట. నేను రానంటే రానని అమ్మమ్మ తెగేసి చెప్పింది. కూతురు బతిమాలింది, విసుక్కుంది, చివరికి ఊరుకుంది.

“ఇవాళ దీనికి ఆ పేరు పెడతారు. రేపు అదే వేలు నీ తమ్ముడి వైపు చూపిస్తారు,” అంది అమ్మమ్మ, చెప్పులు వేసుకుంటూ. “ఇన్నేళ్ళు ఏ పేరూ లేకుండా పెంచుకున్నానే వాణ్ణి.”

కూతురు తలుపు దాకా వెళ్ళింది. వెళ్ళొస్తానన్న మాట ఆవిడా అనలేదు, మంచిదన్న మాట ఈవిడా అనలేదు. తలుపు మాత్రం ఇద్దరూ కలిసి చప్పుడు కాకుండా మూశారు.

చిలక అమ్మ ఆరిన బట్టలు ముందేసుకుని, బల్లకి ఆనుకుని కింద కూర్చుంది. మడతపెట్టిన వాటినే మళ్ళీ విప్పి మడతపెడుతోంది. మనసు ఎటెటో తిరిగి చివరికి చిన్నప్పటి ఇంటికి చేరింది.

మేడ మీద రెండు గదులు. కింద ఎవరిదో రంగుల దుకాణం, మెట్ల మీద ఎప్పుడూ టర్పెంటైన్ వాసన. సాయంత్రం నాన్న వస్తే బెల్లు కొట్టేవారు కాదు. మెట్ల కమ్మీని గోటితో మెల్లగా తట్టేవారు. ఆ చప్పుడు వినబడగానే తను పరిగెత్తి తలుపు తీసేది. నాన్నలందరూ ఇంటికి అలాగే వస్తారనుకునేది.

కుక్కరు విజిల్ వేసే ముందు అమ్మ కేకేసేది కాదు, వచ్చి చెవిలో చెప్పేది. అప్పుడు తనూ తమ్ముడూ వెనక వరండాలోకి వెళ్ళిపోయేవాళ్ళు. తమ్ముడు చెయ్యి పట్టుకోనిచ్చేవాడు కాదు. తన జడ కొస మాత్రం పట్టుకుని నిలబడేవాడు. విజిల్ అయిపోయాక ఇద్దరూ లోపలికి వచ్చేవాళ్ళు. వానాకాలంలో ఆ వరండాలో నిలబడి తడిసిన రోజులు తలుచుకుంటే ఆవిడకి ఇప్పటికీ నవ్వొస్తుంది.

సెలవుల్లో మధ్యాహ్నాలు స్టీలు మూతలు తిప్పుకునేవాళ్ళు. తమ్ముడు మూతని వేలితో గిర్రున తిప్పి, నేలకి చెంప ఆనించి చూసేవాడు. తనూ పక్కనే చెంప ఆనించేది. గచ్చు చల్లగా ఉండేది. మూతలో కిటికీ, కిటికీలో ఆకాశం, అన్నీ కలిసి ఒకటే వెలుగైపోయేవి. అంత బాగుండే ఆట ఆవిడ మళ్ళీ ఎక్కడా ఆడలేదు.

పడుకునేటప్పుడు తమ్ముడు బస్సు స్టాపుల పేర్లు వరసగా చదివేవాడు, అచ్చం కండక్టరు పిలిచినట్టు. ఆ పేర్లు వింటూ ఏ స్టాపు దగ్గరో తను నిద్రపోయేది. పెళ్ళయిన కొత్తలో ఈ అద్దె ఇంట్లో ఆవిడకి నిద్ర పట్టేది కాదు. ఎందుకో తనకే తెలిసేది కాదు. ఉక్కపోత అనుకుని చిలక నాన్న అప్పు చేసి మరీ కొత్త ఫ్యాను కొన్నాడు.

ఆ ఇంట్లో ఎవరూ కష్టపడినట్టు ఆవిడకి గుర్తు లేదు. నాన్న పోయారు, ఆ మేడ పడగొట్టారు, రంగుల దుకాణం ఎటుపోయిందో ఎవరికీ తెలియదు. ఒక్కసారి ఆ ఇంటికి వెళ్ళి ఆ గచ్చు మీద పడుకోవాలనిపించింది ఆవిడకి. ఏడుపొచ్చింది. చిలక బల్ల కింద నుంచి చెయ్యి చాపి, అమ్మ ఒళ్ళో ఉన్న ఎర్ర క్లిప్పు తీసుకుని వెళ్ళిపోయింది.

తెల్లారి బయల్దేరే వేళకి అమ్మమ్మ వీధి చివర నిలబడి ఉంది. ఉతికిన చీర కట్టుకుంది, చేతిలో సంచీ ఉంది. ఎందుకొచ్చావని ఎవరూ అడగలేదు. నేను పిల్ల కోసం వచ్చాను, జవాబులు చెప్పడానికి కాదని ఆవిడే అంది. చిలక నాన్న ఆటో ఆపాడు. దారంతా చిలక ఒక్కతే ఎవరి మాటో ఒకటి పదేపదే అప్పజెబుతూ కూర్చుంది.

సైకాలజిస్టు గదికి ఆనుకుని పిల్లలు ఆడుకునే గది ఉంది. మధ్యలో తలుపు తీసే ఉంచారు. చిలకని తీసుకుని నాన్న ఆ గదిలో చాప మీద కూర్చున్నాడు. ఇవతల కుర్చీల్లో తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. సైకాలజిస్టుని చూసి, మరీ చిన్నపిల్లలా ఉందే, ఈవిడకేం తెలుస్తుందని అమ్మమ్మ కూతురి చెవిలో గొణిగింది. ఆ గొణుగుడు ముగ్గురికీ వినబడింది.

సైకాలజిస్టు నవ్వేసింది. వెంటనే ప్రశ్నల్లోకి దిగలేదు. మీరు తప్పు రాశారని నేను అనడం లేదని ముందుగానే చెప్పింది. బడిలో ఒకలా, ఇంట్లో ఒకలా ఉండే పిల్లలు చాలామందే ఉంటారంది. టీచరుకీ తల్లికీ జవాబులు కలవకపోతే, ఎందుకు కలవలేదో తెలుసుకోకుండా ఏ మాటా తేల్చకూడదట. ఈ ప్రశ్నలు ఒక్కటే చూసి కూడా తేల్చరట, పిల్లతో తను కూర్చోవాలి, బడికి వెళ్ళి చూడాలి. చిలక అమ్మ అన్నిటికీ తలూపింది.

“పైన ఒక వాక్యం ఉంటుంది చూడండి. ఈ వయసు పిల్లలతో పోల్చి జవాబు రాయండి అని. రాస్తున్నప్పుడు మీ మనసులో ఏ పిల్లలున్నారు?”

చిలక అమ్మ ఆలోచించక్కర్లేకపోయింది.

“మా తమ్ముడు.”

అన్నాక ఆవిడకే ఆ మాట వింతగా వినబడింది. ఒక్కో ప్రశ్న చదువుతుంటే తమ్ముడే గుర్తొచ్చాడు మరి. వస్తువులు వరస పెడుతుందా? పెడుతుంది గాని తమ్ముడంత కాదులే. అప్పుడప్పుడు. అలవాటైన దారి మారితే ఏడుస్తుందా? తమ్ముడైతే రోడ్డు మీద పడి దొర్లేవాడు, ఇది నయం. అప్పుడప్పుడు. ఎన్ని ప్రశ్నలుంటే అన్నిటికీ అదే వరస. రాస్తున్నంతసేపూ హాయిగా ఉందని కూడా ఆవిడకి ఇప్పుడు గుర్తొచ్చింది. పిల్ల గురించి రాస్తున్నాననుకుంటూ చిన్నతనమంతా ఒకసారి తిరిగి వచ్చింది.

అమ్మమ్మ కూతురి వైపు చూడలేదు. ఒళ్ళో సంచీ పట్టుకుని ఎదురుగోడనే చూస్తోంది.

సైకాలజిస్టు తొందరపడలేదు. కాగితంలో ఒకచోట వేలు పెట్టి, చప్పుళ్ళకి భయపడుతుందా అన్నదానికి ‘లేదు’ అని రాశారే అంది. మా ఇంట్లో చప్పుళ్ళుండవండీ అంది చిలక అమ్మ. ఎందుకుండవని అడిగింది సైకాలజిస్టు. చిలక అమ్మ చెప్పుకుంటూ పోయింది. బెల్లుకి తీగ లేదు. మిక్సీ బాల్కనీలో పెట్టుకుని తలుపు వేసుకుంటారు. ఫోన్లు మోగవు. లైటు తీసే ముందు, బయటికి వెళ్ళే ముందు పిల్ల దగ్గర కూర్చుని ముందుగా చెబుతారు, కాసేపాగి మళ్ళీ చెబుతారు.

“ఇదంతా పాప కోసం మొదలుపెట్టారా?”

“లేదండీ. మా ఇళ్ళల్లో అంతే.”

అవతలి గదిలో చిలక నాన్న చేతిలో ఉన్న బొమ్మ కింద పెట్టాడు. పెళ్ళయిన నెలలో ఆ బెల్లు తీగ పీకింది అతనే. కొత్త పెళ్ళాం అడిగింది కదా అని ముచ్చటపడి పీకాడు. చిలక ఇంకా పుట్టనే లేదు అప్పటికి. ఇన్నేళ్ళలో అది ఎందుకని ఒక్కసారి కూడా అతనికి అనిపించలేదు.

“అవేవీ లేకపోతే పాప ఎలా ఉంటుంది?” అంది సైకాలజిస్టు.

“లేకుండా ఎప్పుడూ లేదండీ. తెలియదు,” అంది చిలక అమ్మ.

“నాకు తెలుసు,” అంది అమ్మమ్మ.

గోడ మీంచి చూపు తిప్పకుండానే చెప్పడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళు ఆ మధ్య గోడకి డ్రిల్లు పెట్టారట. ముందుగా చెప్పడానికి తనకే తెలియదు. చిలక బాత్రూములో దూరి, తలుపు మూలకి చేరి, ముంజేయి నోట్లో పెట్టుకుని కొరుక్కుందట. ఎంత లాగినా రాలేదట. డ్రిల్లు ఆగాక కూడా చాలాసేపు అలాగే ఉందట.

“ఉయ్యాల తగిలిందన్నావు కదమ్మా చేతి మీద ఆ దెబ్బ,” అంది చిలక అమ్మ.

“ఉయ్యాల కాదు.”

సైకాలజిస్టు రాయడం ఆపి ఎదురుచూసింది. అమ్మమ్మ అంతటితో ఆపేస్తుందనే అనుకున్నారు అందరూ. ఆవిడ సంచీ కింద పెట్టి, మొదటిసారి కూతురి వైపు తిరిగింది.

“నీ పెళ్ళిరోజున వాడూ అంతే. ఇల్లంతా జనం, మేళాలు, ఎవడో మైకులో అరుపులు. వాడికి జ్వరమని నీకు చెప్పాం. జ్వరం లేదే. మీ నాన్న వాణ్ణి పక్కవాళ్ళ స్టోరురూములోకి తీసుకెళ్ళి, దుప్పట్లు కప్పి, కన్యాదానం అయ్యాక అప్పగింతల దాకా వాడితోనే కూర్చున్నారు. చేతులు అడ్డం పెడితే ఆయన చేతులు కొరికాడు. నిన్ను సాగనంపడానికి ఆయన చేతులకి రుమాళ్ళు చుట్టుకుని వచ్చారు. నువ్వు సంతోషంగా వెళ్ళాలని మేం ఎవరమూ చెప్పలేదు.”

చిలక అమ్మకి ఆ రుమాళ్ళు గుర్తొచ్చాయి. వడ్డన దగ్గర చెయ్యి కాలిందన్నారు నాన్న. కాలిన చేత్తో తన తల నిమిరారని ఇన్నేళ్ళూ తలుచుకుని మురిసిపోయింది. ఎవరూ కష్టపడలేదనుకున్న ఆ ఇంట్లో, తను తప్ప అందరూ కష్టపడ్డారన్నమాట. తల్లి మీద కోపమొచ్చిందో, జాలేసిందో కూడా ఆవిడకి తెలియలేదు.

“కాసేపు ఆపుదామా?” అంది సైకాలజిస్టు.

“వద్దండీ,” అంది చిలక అమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. “మొదటి ప్రశ్న నుంచి మళ్ళీ చదవండి.”

సైకాలజిస్టు కొత్త కాగితం తీసింది. “పేరు పెట్టి పిలిస్తే పలుకుతుందా, తిరిగి చూస్తుందా?”

తరచుగా పలుకుతుందని చెప్పబోయి చిలక అమ్మ ఆగిపోయింది. పలకడం తను ఎప్పుడు విన్నది? తమ ఇంట్లో ఎవరూ ఎవర్నీ దూరం నుంచి పిలవరు. దగ్గరికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని, భుజం మీద మెల్లగా చెయ్యి వేస్తారు. అప్పుడు చిలక తలెత్తి చూస్తుంది. అదే పలకడం అనుకుంది ఆవిడ.

“తెలియదండీ,” అంది.

“పక్కగదిలోనే ఉంది కదా. రోజూ ఏ పేరుతో అంటారో ఆ పేరుతోనే ఇక్కణ్ణుంచి ఒకసారి పిలవండి.”

తెరిచిన తలుపులోంచి చాప కనబడుతోంది. చిలక వీపు ఇటు తిప్పి కూర్చుంది. చెక్క దిమ్మలు ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటోంది. చెవులు బాగానే వినబడతాయని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. నాలుగడుగులు వేస్తే అందేంత దూరం.

“చిలకా,” అని పిలిచింది తల్లి.

చిలక నాన్న తలెత్తాడు. చిలక ఇంకో దిమ్మ తీసుకుంది.

“చిలకా.”

దిమ్మ వరసలో సరిగ్గా కూర్చోలేదు. చిలక దాన్ని సరిచేసింది. తలుపులోంచి భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. నిన్నటి కోపం అతని మొహంలో లేదు. దాని బదులు ఉన్నదాన్ని చూడలేక చిలక అమ్మ చూపు తిప్పుకుంది. ఆవిడ చెయ్యి అప్పటికే ముందుకి చాచి ఉంది. వెళ్ళి ఆ చిన్న భుజం మీద వేస్తే చాలు, పిల్ల తిరిగి చూస్తుంది. ఆవిడ కుర్చీలోంచి సగం లేచింది.

అమ్మమ్మ కూతురి మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. పట్టు వదల్లేదు.

“కూర్చో,” అంది. “వెళ్ళకు. మళ్ళీ పిలువు.”